రన్‌వే ఉంది.. రెక్కలేవీ?

పెద్దపల్లి దగ్గరొక రన్‌వే. ఆదిలాబాద్‌లో మరొకటి. రెండింటి నడుమ, తేలికైన కర్రకు ప్రాణం పోసే నిర్మల్. రిమోట్‌తో ఎగిరే బుల్లి జెట్ విమానానికి ఇంకేం కావాలి అనిపిస్తుంది. చాలానే కావాలి!

రాజీవ్ రహదారి మీద కరీంనగర్, పెద్దపల్లి దాటి గోదావరిఖని వైపు వెళ్తుంటే బసంత్‌నగర్ వస్తుంది. ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది సిమెంటు. కాస్త వయసు మళ్లిన వాళ్లకు మాత్రం ఇంకొకటి కూడా గుర్తొస్తుంది.. విమానం! కేశోరాం సిమెంటు కర్మాగారం కోసం బిర్లాలు ఇక్కడ ఎయిర్‌స్ట్రిప్ వేయించారు. 1980లలో వాయుదూత్ విమానాలు ఇక్కడ దిగాయి. ఎర్రబస్సు ఎక్కి హైదరాబాద్ వెళ్లడమే పెద్ద ప్రయాణమైన రోజుల్లో, ఈ చుట్టుపక్కల పిల్లలు విమానాన్ని ఆకాశంలో చుక్కలా కాకుండా, నేల మీద చక్రాలతో సహా చూడగలిగారన్నమాట. ఆ తర్వాత వాయుదూత్ ఆగింది. రన్‌వే మిగిలింది.

విమానాలు రాని రన్‌వేని చూస్తే మామూలు వాళ్లకు బీడు భూమి కనిపిస్తుంది. మోడల్ విమానాల పిచ్చి ఉన్నవాళ్లకు బంగారం కనిపిస్తుంది. ఎందుకంటే చేతిలో రిమోట్ పట్టుకుని జెట్ ఎగరేసేవాళ్లకు ప్రపంచంలో ఎక్కడైనా మొదటి తలనొప్పి ఒకటే.. చోటు. చిన్న ప్రొపెల్లర్ మోడల్‌ని బడి మైదానంలోనూ ఎగరేయొచ్చు. జెట్‌కి అలా కుదరదు. గులకరాయి లేని నున్నటి బాట నూరు నూటయాభై మీటర్లకు తక్కువ కాకుండా ఉండాలి. చుట్టూ ఇళ్లు, కరెంటు తీగలు ఉండకూడదు. ఆకాశం ఖాళీగా ఉండాలి.

బొమ్మ అనకండి!

జాతరలో కొనే కీ బొమ్మకీ దీనికీ పోలిక లేదు. మంచి మోడల్ జెట్ పొడవు రెండు మీటర్లకు పైగా ఉంటుంది. ఇంధనంతో కలిపి పది నుంచి ఇరవై కిలోల దాకా తూగుతుంది. కడుపులో ఉండేది అసలు సిసలు టర్బైన్ ఇంజిన్. సొరకాయంత ఉంటుంది గానీ నిమిషానికి లక్షసార్లకు పైగా తిరుగుతుంది. మన కారు ఇంజిన్ ఆరేడు వేలు తిరిగితేనే మూలుగుతుందని గుర్తుంచుకోవాలి. తాగేది కిరోసిన్. ఒకప్పుడు రేషన్ షాపు ముందు డబ్బాలు వరస పెట్టి తెచ్చుకున్న ఆ కిరోసినే! బేరింగుల కోసం అందులో నూటికి అయిదు పాళ్లు ప్రత్యేకమైన నూనె కలుపుతారు. మూడు నాలుగు లీటర్లు పోస్తే ఎనిమిది, పది నిమిషాలు ఎగురుతుంది. వేగమా.. గంటకు రెండు మూడు వందల కిలోమీటర్లు వీటికి మామూలే. 2017లో జర్మనీలో ఒక మోడల్ జెట్ గంటకు 749 కిలోమీటర్లతో గిన్నిస్ రికార్డుకెక్కింది. ప్రయాణికుల విమానాలు దాదాపు ఆ ప్రాంతంలోనే వెళ్తాయి.

ఖర్చు సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. ఒక్క టర్బైనే లక్షల్లో ఉంటుంది. కాబట్టి పిల్లాడు ముచ్చటపడ్డాడని కొనిపెట్టే వస్తువు కాదిది. థర్మోకోల్ గ్లైడర్ విసరడం దగ్గర మొదలుపెట్టి, బ్యాటరీ మోటారు విమానాలు నాలుగు విరగ్గొట్టుకుని, చెయ్యి కుదిరాక ఎక్కాల్సిన మెట్టు. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో క్యాడెట్లకు ఏరోమోడలింగ్ నేర్పించేది కూడా అలా చిన్న మోడళ్లతోనే.

నిర్మల్ దారిలో..

బసంత్‌నగర్ నుంచి వెనక్కి కరీంనగర్ వచ్చి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా వెళ్తే నాగ్‌పూర్ రహదారి తగులుతుంది. సోన్ దగ్గర గోదావరి వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. కాసేపటికే నిర్మల్. 2016 నుంచి ఇదే జిల్లా కేంద్రం కూడా. నిమ్మనాయుడి పేరు మీద వెలసిన ఊరు, నిజాం సేనలకు ఫిరంగులు పోతపోసిన ఊరు, ఫ్రెంచి ఇంజినీర్ల ఆధ్వర్యంలో కోటలు కట్టిన ఊరు. వీటన్నిటికన్నా ముందు గుర్తొచ్చేది మాత్రం నిర్మల్ బొమ్మే.

జెట్ విమానం కథలో నిర్మల్ బొమ్మకేం పని? ఉంది. రెండూ ఒకే శత్రువుతో పోరాడతాయి. ఆ శత్రువు పేరు బరువు.

చుట్టూ ఉన్నది టేకు అడవి. ఘనమీటరుకు ఆరువందల కిలోలు దాటే కర్ర. తలుపులకు, దూలాలకు దాన్ని మించింది లేదు. కానీ నకాషీ కళాకారులు బొమ్మ కోసం ఆ టేకును పక్కనపెట్టి పొనికి కర్రను పట్టుకున్నారు. మెత్తన, తేలిక. ఉలి అంటీ అంటనట్టు తగిలితే చాలు, చెప్పినట్టు వింటుంది. కొండపల్లి బొమ్మకూ ఇదే కర్ర. మోడల్ విమానాల వాళ్లు ఇదే కారణంతో దక్షిణ అమెరికాలో పుట్టిన బాల్సాను పట్టుకున్నారు. అది ఘనమీటరుకు నూటయాభై కిలోల చుట్టుపక్కల ఉంటుంది. పొనికి ఉండగా బాల్సా ఎందుకు అనే ఉత్సాహం వద్దు. బాల్సా తేలికదనం వేరు, బరువుకు తగ్గ దాని బిగువు వేరు. కానీ వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు రకాల పనివాళ్లు, ఒకరినొకరు చూడకుండానే ఒకే రకం కర్ర వెతుక్కున్నారంటే వింతే మరి.

తేలిక కర్రతో ఒక చిక్కుంది. తొందరగా నొక్కుపడుతుంది, పగులుతుంది. అందుకే నిర్మల్‌లో దాన్ని అలా వదిలేయరు. తల, కొమ్ములు, కాళ్లు విడివిడిగా చెక్కి అతికిస్తారు. చింతగింజలు నూరి ఉడికించిన జిగురులో రంపపుపొట్టు కలిపి అతుకులు పూడుస్తారు. ఆపైన తెల్లమట్టి పూత. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దుతారు. మళ్లీ పూత, మళ్లీ రుద్దుడు. వేలితో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియకూడదు. చివరికి రంగు. లోపల తేలికైన గుజ్జు, పైన గట్టి పెంకు. రెండు వేర్వేరు పదార్థాలు కలిసి, విడిగా ఏదీ చేయలేని పని చేస్తాయి. ఇంజినీర్లు దీన్నే కాంపోజిట్ అంటారు.

మోడల్ జెట్ శరీరం కూడా అంతే. కాకపోతే చింతగింజల జిగురు స్థానంలో ఎపాక్సీ రెసిన్, తెల్లమట్టి స్థానంలో గాజు పోగులతో నేసిన గుడ్డ. చదరపు మీటరు గుడ్డ వంద గ్రాములు, ఒక్కోసారి అందులో సగమే తూగుతుంది. విమానం ఒంటిని కుడి ఎడమలుగా రెండు అచ్చుల్లో తీస్తారు. ముందు అచ్చుకు మైనం రాయాలి. ఇడ్లీ రేకులకు నూనె రాసినట్టే.. రాయకపోతే ఊడిరాదు. తర్వాత అసలు తమాషా.. మొట్టమొదట వేసేది రంగు! అచ్చు లోపలి గోడకు రంగు కొట్టి, దాని మీద రెసిన్‌తో తడిపిన గుడ్డ పరుస్తారు. బలం కావాల్సిన చోట కార్బన్ ఫైబర్ పట్టీలు అద్దుతారు. గట్టిపడ్డాక ఊడదీస్తే భాగం రంగుతో సహా బయటికొస్తుంది. నిర్మల్ కళాకారుడు లోపలి నుంచి బయటికి పనిచేస్తే, జెట్ చేసేవాడు బయటి నుంచి లోపలికి పనిచేస్తాడు.

రెక్కల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. పలుచటి గాజుగుడ్డ పొరలు రెండు, వాటి మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఫోమ్ గానీ బాల్సా గానీ పెడతారు. పైన ప్లాస్టిక్ సంచి కప్పి, పంపుతో గాలి లాగేస్తారు. అప్పుడు బయటి గాలే చదరపు మీటరుకు దాదాపు పది టన్నుల బరువుతో నొక్కిపెడుతుంది. ఎక్కువైన రెసిన్ బయటికి వచ్చేస్తుంది. ఎక్కువ రెసిన్ వల్ల బలం పెరగదు, బరువే పెరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పేది ఇక్కడే.. భయంతో ఇంకాస్త పూస్తారు.

ఇది లోహాల తర్వాత పుట్టిన ఆలోచన అనుకుంటాం గానీ, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఎగరేసిన మస్కిటో యుద్ధ విమానం శరీరం చెక్కదే. బర్చ్ ప్లైవుడ్ పొరల నడుమ బాల్సా. వడ్రంగులు, ఫర్నిచర్ చేసేవాళ్లు దాన్ని తయారుచేశారు. తర్వాతి కాలంలో మన తేజస్ యుద్ధ విమానం బరువును తగ్గించింది కూడా కార్బన్ కాంపోజిట్లే.

ఈ పనికి మన వాతావరణం కూడా పరీక్షే. రామగుండం ఎండల సంగతి చెప్పక్కర్లేదు. మే నెలలో రెసిన్ కలిపి అరచేతులు తుడుచుకునేలోపే గిన్నెలో వేడెక్కి గట్టిపడుతుంది. సరిగ్గా కాల్చి గట్టిపరచని భాగాన్ని, అందులోనూ ముదురు రంగుదాన్ని, ఎండలో వదిలేస్తే మెత్తబడి వంకర తిరుగుతుంది. మోడల్ జెట్లలో తెలుపు ఎక్కువగా కనిపించడం వెనక ఒక కారణం ఇదీ. ఆదిలాబాద్ చలిలో దీనికి తిరగబడి, రెసిన్ పాకంలా చిక్కబడి గుడ్డలోకి ఇంకనంటుంది. చలి తగ్గి ఎండ ముదరని రోజులే మేలు.

ఇక నిర్మల్‌లో అసలు సమస్య. పొనికి చెట్టు అడవిలో అరుదైపోయింది. ఆవాస అడవులు తరుగుతున్నకొద్దీ కర్ర కోసం దూరం పోవాల్సి వస్తోంది. పెంచుదామంటే చెక్కడానికి పనికొచ్చే మాను కావడానికి ఏళ్లు పడుతుంది. 1955లో ఏర్పడిన సహకార సంఘం ఈ కళను ఇన్నాళ్లూ నిలబెట్టింది, ఆ తర్వాత భౌగోళిక గుర్తింపూ వచ్చింది. గుర్తింపు పత్రం చెట్టును మొలిపించదు కదా! బొమ్మ నేర్చుకునే కుర్రాళ్లు తగ్గితే పోయేది బొమ్మ ఒక్కటే కాదు. ఉప్పుకాగితం పట్టుకుని వేలికొసతో అర మిల్లీమీటరు ఎత్తుపల్లాన్ని పసిగట్టే చెయ్యి పోతుంది. అచ్చు తీసే మొదటి నమూనాను నునుపు చేయడానికి జెట్ తయారీదారులు ఎక్కడైనా వెతికేది ఆ చెయ్యినే. యంత్రం కోసి ఇచ్చినా చివరి నునుపు మనిషిదే.

నకాషీలకు కొత్త వస్తువు కొత్తేమీ కాదు. ఒకప్పుడు ఆకు పసర్లు, ఖనిజాల రంగులు వాడినవాళ్లే తర్వాత డ్యూకో అందుకున్నారు. డ్యూకో పుట్టింది బొమ్మల కోసం కాదు, 1920లలో అమెరికాలో కార్ల కోసం. కారు రంగును లేడిపిల్ల ఒంటికి అద్ది, నిర్మల్ మెరుపు అని పేరు తెచ్చుకున్న ఊరిది.

చెక్కతో జెట్ ఇంజిన్!

మోడల్ జెట్ల చరిత్రలో చాలామంది నమ్మని ముచ్చట ఒకటుంది. 1980ల చివరిదాకా ఇంట్లో చేసుకోగలిగిన బుల్లి టర్బైన్ అసాధ్యమని అనుకునేవారు. జర్మనీకి చెందిన కుర్ట్ ష్రెక్లింగ్ దాన్ని చేసి చూపించాడు. గాలిని లోపలికి నొక్కే చక్రం, అదే కంప్రెసర్, దేంతో చేశాడనుకున్నారు? ప్లైవుడ్‌తో! చీలిపోకుండా దానికి కార్బన్ ఫైబర్ చుట్టాడు. వెనక మంట మండుతుంటే ముందు చెక్క చక్రం వేల చుట్లు తిరిగేది. గాలి లోపలికొచ్చే వైపు చల్లగానే ఉంటుంది కాబట్టి చెక్క నిలిచింది. ఎలా చేయాలో పుస్తకం కూడా రాసి అందరికీ ఇచ్చేశాడు. ఆ తర్వాతే ఈ సరదా ప్రపంచమంతా పాకింది. ఇప్పటి టర్బైన్లలో చెక్క లేదు. కంప్రెసర్ అల్యూమినియం, వేడి తగిలే చక్రం నికెల్ మిశ్రమం. అయినా మొదటి అడుగు వడ్రంగి పనే.

నరాలూ, రక్తనాళాలూ..

ఒళ్లు తయారైతే సగం పనే అయినట్టు. మిగతా సగం కంటికి కనిపించనిది. కడుపు తెరిస్తే లోపల ప్లైవుడ్ అడ్డుపలకలు, వాటికి బిగించిన ఇంజిన్. దాని వెనక పొగ వెళ్లే స్టీలు గొట్టం, రెండు గోడలతో ఉంటుంది. వచ్చే గాలి అయిదారు వందల డిగ్రీలు. రెండు గోడల మధ్య చల్లగాలి పారకపోతే గాజుగుడ్డ శరీరం మాడిపోతుంది. ఇంధనం ట్యాంకు, ఇంజిన్ మధ్య చిన్న డబ్బా ఒకటి పెడతారు.. గాలిబుడగను పట్టేయడానికి. ఒక్క బుడగ ఇంజిన్‌లోకి వెళ్లినా మంట ఆరిపోతుంది. అది ఆకాశంలో ఆరిందంటే ఇక గ్లైడరే, అదీ రాయిలాంటి గ్లైడర్.

రెక్కల పలకలు, తోక, ముందు చక్రం.. ఒక్కోదాన్ని కదిపే చిన్న మోటారు డబ్బాను సర్వో అంటారు. అవి పది పన్నెండు ఉంటాయి. నేల మీది మనిషి వేలు కదిపితే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తరంగం మీద ఆజ్ఞ వెళ్తుంది, సర్వో కదులుతుంది. ఇంజిన్‌కి వేరే చిన్న కంప్యూటర్. పంపు ఎంత పోయాలో, వేడి ఎంతుందో అదే చూసుకుంటుంది. బ్యాటరీలు రెండేసి, రిసీవర్లు రెండేసి పెట్టడం మంచి అలవాటు. ఒకటి చచ్చినా రెండోది ఆదుకోవాలి. సన్నటి తీగను ఓపికతో వంచి, చుట్టి, అతకడంలో కరీంనగర్ వెండి నగిషీకి పెట్టింది పేరు. తీగ బెసగకుండా, ఒరుసుకోకుండా ఎక్కడికక్కడ కట్టేసే ఈ పనిలోనూ కావాల్సింది ఆ ఓపికే. కూలిపోయిన మోడళ్లను తిరగేస్తే ఇంజిన్ లోపం కన్నా వదులైన కనెక్టరే తరచూ దొరుకుతుంది.

అన్నీ బిగించాక తూకం. రెక్క కింద చెప్పిన గీత దగ్గర రెండు వేళ్లు పెట్టి ఎత్తితే విమానం కావడిలా నిలవాలి. ముక్కు కాస్త వాలితే ఫర్వాలేదు. తోక వాలిందా, ఎగరేయకూడదు. అందుకే బ్యాటరీలను చివర్లో అటూ ఇటూ జరుపుతారు. సీసపు ముక్క పెట్టి సరిచేయడం అందరూ చేసేదే గానీ, మోసుకెళ్లే ప్రతి గ్రామునూ దిగేటప్పుడు చక్రాలు లెక్క అడుగుతాయి.

ఆదిలాబాద్ నేల మీద

నిర్మల్ దాటాక పాత రహదారి మహబూబ్ ఘాట్ మలుపులెక్కుతుంది. జాతీయ రహదారి నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూరు మీదుగా ఆదిలాబాద్ చేరుస్తుంది. నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతానికి దారి చీలుతుంది. వానాకాలమైతే ఆగకుండా పోవడం కష్టం. ఆ ఎత్తైన పీఠభూమి మీద, పత్తి చేల ఊరి అంచున ఉంది రెండో ఎయిర్‌స్ట్రిప్. నిజాం కాలం నాటిది. స్థలం వాయుసేన చేతిలోకి వెళ్లింది. దశాబ్దాలుగా విమానాశ్రయం వస్తుందన్న మాట ప్రతి ఎన్నికలకూ ఊళ్లో దిగి, మళ్లీ ఎగిరిపోయేది. 2025లో మాత్రం కాస్త గట్టి కబురే వచ్చింది. ఇక్కడ పౌర విమానాలూ నడుపుకోవడానికి రక్షణ శాఖ సమ్మతించింది.

ఇలాంటి చోట మోడల్ ఎగరాలంటే రన్‌వే ఒక్కటే చూస్తే కుదరదు. వాయుసేన స్థలంలోకి రిమోట్ పట్టుకుని వెళ్లే వీలే లేదు. బయట ఎక్కడైనా సరే 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. చదువుకో, పరిశోధనకో, సరదాకో కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు విమానాన్ని అవి 'మోడల్'గా గుర్తిస్తాయి. వ్యాపార డ్రోన్లకు కావాల్సిన టైప్ సర్టిఫికెట్ వీటికి అక్కర్లేదు. అలాగని ఎక్కడ పడితే అక్కడ కుదరదు. డిజిటల్ స్కై పటంలో ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు అని పంచారు. ఆకుపచ్చలో 400 అడుగుల ఎత్తు దాకా అనుమతి అడగక్కర్లేదు. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. బయల్దేరే ముందు ఫోన్‌లో ఆ పటం చూడటం, చక్రాలకు గాలి చూసుకోవడమంత అవసరం.

ఎగిరే రోజు వరస ఇలా ఉంటుంది. ముందు బాట ఊడ్వాలి. చిన్న రాయి టర్బైన్ మింగిందంటే లక్షలు పోయినట్టే. తర్వాత ట్రాన్స్‌మిటర్ బలం తగ్గించి దూరంగా నడుచుకుంటూ వెళ్లి సర్వోలు ఇంకా వింటున్నాయా అని చూడాలి. ఆ తర్వాత ట్రాన్స్‌మిటర్ ఆపేసి చూడాలి. సిగ్నల్ పోయిన మరుక్షణం ఇంజిన్ దానంతటదే ఆగాలి. ఆగకపోతే ఆ రోజుకు ఎగరేయడం లేదు, అంతే. మంట ఆర్పే సిలిండర్ పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడ్డాకే ఇంజిన్ వెలిగించాలి. వెనక ఎండుగడ్డి ఉండకూడదు. పత్తి ఏరే రోజుల్లో ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నమైతే గాలి పలచబడి పరుగు ఎక్కువ దూరం కావాలి. పొద్దున్నే వెళ్లడం నయం.

ఇందులో ఒక చిత్రం దాగుంది. ఇన్నేళ్లూ ఆదిలాబాద్ ఆకాశం ఖాళీ. ఎగరేసేవాళ్లకు చోటు కన్నా చేతులు, డబ్బు, సామాను తక్కువ. రేపు ఇక్కడ ప్రయాణికుల విమానం దిగడం మొదలైతే, చుట్టూ కిలోమీటర్ల మేర ఆకాశం రంగు మారుతుంది. పనిచేసే విమానాశ్రయం దగ్గర మోడల్ ఎగరేయాలంటే కంట్రోల్ టవర్‌ని అడగాలి, చాలాసార్లు కుదరదనే అంటారు. అప్పుడు బుల్లి జెట్ల వాళ్లు సర్దుకుని ఇంకో ఖాళీ బాట వెతుక్కోవాలి. బసంత్‌నగర్ వైపైనా, ఇంకోవైపైనా. విమానం రావాలా వద్దా అని అడిగితే ఆదిలాబాద్‌లో ఎవరైనా ఇచ్చే సమాధానం ఒకటే. మోడల్ విమానాల వాళ్లు కూడా, కాస్త గొణుక్కుంటూనైనా, అదే చెబుతారు.